ప్రతి బిడ్డకూ పూర్తి అర్ధం

నేను తప్పులు రాసి బతికినదాన్ని. వినయం కొద్దీ అంటున్న మాట కాదు. నా ఉద్యోగమే అది. హైదరాబాదులోని బాలవిద్యా ప్రసార కేంద్రంలో చేరిన నాటినుంచీ ప్రభుత్వం వారు నాకు కుర్చీ, బల్ల, ఇష్టమైనప్పుడు తిరిగే ఫ్యాను ఇచ్చి, శనివారం పొద్దున వచ్చే పిల్లల కార్యక్రమానికి మంచి మంచి తప్పులు రాయించుకున్నారు.

తప్పు రాయడం తేలికనుకునేరు. మరీ పెద్దదైతే పిల్లలు నమ్మరు. మరీ చిన్నదైతే పట్టుకోలేరు. మూడో తరగతి పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, పక్కవాడికంటే ముందు అరవగలిగినంత తప్పు కావాలి. అలాంటిదొకటి కుదరడానికి నాకు ఒక్కోసారి వారమంతా పట్టేది.

ఆ తప్పులు చెప్పేది తింగరయ్య మేష్టారు. ఆయన బొమ్మ. పాత గోధుమరంగు కంబళితో కుట్టాం. ఒక కన్ను నల్ల గుండీ, రెండోది ఆకుపచ్చ గుండీ, ఎందుకంటే మొదటి షూటింగునాడు ఒక నల్లది ఊడి ఎక్కడో పడిపోయింది. మెడలో కండువా, అద్దాల్లేని కళ్ళజోడు. లోపలున్న చెయ్యీ, బయటికొచ్చే గొంతూ జనగామ ఐలయ్యవి. తింగరయ్య కండువా సవరించుకుని, "ఏడూ ఎనిమిదీ పద్నాలుగు. దీంట్ల అనుమానం ఉన్నోడు లేచి నిలవడుండ్రి" అనేవాడు. చాపల మీద కూర్చున్న పిల్లలంతా లేచి నిలబడేవాళ్ళు. "కాదు మేష్టారూ, పదిహేను" అని స్టూడియో కప్పు లేచిపోయేటట్టు అరిచేవాళ్ళు. అప్పుడాయన లెంపలేసుకోబోయేవాడు. కంబళి చాలక చేతులు పొట్టిగా కుట్టడంవల్ల అవి చెంపల దాకా అందేవి కావు. ఎవరో ఒక పిల్లో పిల్లాడో ముందుకొచ్చి ఆయన తరఫున ఆయన లెంపలు వేసి వెళ్ళేవాళ్ళు. ఆ పని కోసం ముందు వరసలో కూర్చోవడానికి కొట్టుకునేవాళ్ళు.

పెద్దవాళ్ళ తప్పు దిద్దే అవకాశం పిల్లలకి ఇంట్లో దొరకదు. బడిలో అసలే దొరకదు. మా దగ్గర వారానికో అరగంట దొరికేది. అంతకుమించి నాకు విద్యాసిద్ధాంతమంటూ ఏదీ లేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా మాకు కొత్త డైరెక్టరుగా డాక్టర్ పరాంకుశం గారు వచ్చారు. నాణ్యతా నిర్వహణలో పరిశోధన చేసిన మనిషి. ఇస్త్రీ చెదరని చొక్కా, ఇస్త్రీ చెదరని భాష. తెలియదు అనే మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. "క్యాంటీనులో ఇవాళ ఉప్మానా, ఇడ్లీయా?" అని అడిగినా, తెలియకపోతే "విషయం పరిశీలనలో ఉంది" అనేవారు.

ఆయన వచ్చిన నెలలోనే ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు. వాళ్ళబ్బాయి పరీక్షలో ఏడూ ఎనిమిదీ పద్నాలుగని రాశాడట. ఇదేమిట్రా అంటే టీవీలో తింగరయ్య మేష్టారు చెప్పారన్నాడట. ఆ పిల్లాడి సమయస్ఫూర్తికి నేను ముచ్చటపడ్డాను. డైరెక్టరు గారు ముచ్చటపడలేదు, నన్ను పిలిపించారు.

"భ్రమరాంబ గారూ, ప్రభుత్వ ప్రసారంలో దోషం దొర్లింది."

"దొర్లలేదండీ. నేనే దొర్లించాను."

"అనగా ఉద్దేశపూర్వకమా?"

"అవునండీ. అది నా డ్యూటీ. పిల్లలు దిద్దుతారని."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "దోషాన్ని దిద్దుటకు దోషమును ఉత్పత్తి చేయుట అనే విధానం ప్రపంచంలో ఏ ప్రామాణిక సంస్థలోనూ లేదు. ఈ క్షణం నుంచి మన కేంద్రంలో శూన్యదోష ప్రసార విధానం అమలులోకి వస్తోంది. తెర మీద పలికే ప్రతి వాక్యం సత్యమై ఉండాలి. ఆ బొమ్మ పలికేది కూడా."

సరే, సత్యమే చెప్పిద్దామని వచ్చే శనివారానికి సత్యం రాసిచ్చాను. ఐలయ్య చదివి మొహం అదోలా పెట్టాడు.

"గిదేంది మేడం, అంత కరెక్టే ఉన్నది. తింగరయ్యకు గిట్ల మాట్లాడుడు రాదు."

"రాకపోతే నేర్పించు ఐలయ్యా."

"నాకు వస్తది. ఆయనకే రాదు."

షూటింగు మొదలైంది. తింగరయ్య కండువా సవరించుకుని, తద్దినం మంత్రం చెబుతున్నట్టుగా, "ఏడూ ఎనిమిదీ పదిహేను" అన్నాడు. పిల్లలు ఒక్క క్షణం ఆయన్నే చూశారు. ఆయన మీద వాళ్ళకి ఎంత నమ్మకమంటే, ఆయన చెప్పాడంటే అది తప్పే అయ్యుండాలి. అందరూ లేచి నిలబడి "కాదు మేష్టారూ, పదహారు" అని ఒక్క గొంతుతో అరిచారు. ఒకమ్మాయి ముందుకొచ్చి, నిజం చెప్పినందుకు ఆయన లెంపలు వేసి వెళ్ళింది.

డైరెక్టరు గారు ఈ ఘటన మీద అత్యవసర సమావేశం పెట్టి, దోషం బొమ్మనుంచి పిల్లలకు బదిలీ అయినట్టు తేల్చారు. వారం తిరక్కుండా ముందుగా ఆమోదించిన జవాబులు మాత్రమే పిల్లలు చెప్పాలన్నారు. ఆమోదించిన జవాబు ప్రశ్న పూర్తికాకముందే వస్తోందని తేలాక, పిల్లలు మౌనంగా తలలు మాత్రమే ఆడించాలన్నారు. తలలు కొందరు నిలువుగా, కొందరు అడ్డంగా ఆడిస్తున్నారని తేలాక అసలు పిల్లలే వద్దన్నారు.

"పిల్లల కార్యక్రమంలో పిల్లలు లేకపోతే ఎలాగండీ?" అన్నాను.

"పిల్లలు లబ్ధిదారులు. లబ్ధిదారులు ఉత్పత్తి ప్రక్రియలో పాల్గొనరాదు" అన్నారాయన.

చాపలు చుట్టి స్టోరు గదిలో పెట్టించాను. ఖాళీ స్టూడియోలో తింగరయ్య గోడలకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. దాన్ని పరిశీలించడానికి నిపుణుల సంఘం వేశారు.

మొదటి రోజే భౌగోళిక నిపుణుడు "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అన్న వాక్యాన్ని పట్టుకున్నాడు. సూర్యుడు ఉదయించడు, భూమి తిరుగుతుంది. పోనీ ఉదయించాడనుకున్నా ఏడాదిలో రెండు రోజులు తప్ప సరిగ్గా తూర్పున ఉదయించడు అన్నాడు. వాక్యం కొట్టేశాం. చరిత్ర నిపుణుడు "అనగనగా" అంటే ఏ శతాబ్దమో నిర్ధారించమన్నాడు. కథలన్నీ కొట్టేశాం. "ఆవు మనకు పాలు ఇస్తుంది" దగ్గర జంతుశాస్త్ర నిపుణురాలు అభ్యంతరం చెప్పింది. ఆవు ఇవ్వదు, దూడ కోసం చేపితే మనం పితుక్కుంటాం అంది. అది నాకూ నిజమే అనిపించి, ఆ పూట టీ నల్లగానే తాగాను.

మనస్తత్వ నిపుణుడు మరీ లోతుగా వెళ్ళాడు. ప్రశ్న అడిగేవాడికి జవాబు తెలియదని అర్థం కాబట్టి ప్రశ్నార్థకం అజ్ఞాన సూచకమన్నాడు. ప్రశ్నలు కొట్టేశాం. ఇక మిగిలింది తింగరయ్య ఒక్కడే.

డైరెక్టరు గారు ఆయన్ని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి పరీక్షించారు. "పేరులో బుద్ధిలోపం సూచితమవుతోంది. రెండు కళ్ళూ రెండు రంగులు, కనుక దృష్టిదోషం. చేతులు పొట్టి, కనుక అంగదోషం. మేష్టారు అంటున్నారు, బీఎడ్ పత్రం ఏదీ?"

"బొమ్మండీ."

"నియమం బొమ్మకూ మనిషికీ ఒకటే. మనది శూన్యదోష విధానం. ఈ వస్తువులో దోషం కాక మరొకటి కనబడటం లేదు. కండెమ్ చేయండి."

కండెమ్ అంటే పనికిరాదని రికార్డులో రాసి వదిలించుకోవడం. విరిగిన స్టూళ్ళు, కాలిపోయిన దీపాలతో పాటు తింగరయ్యని కూడా రాశారు: "కంబళి వ్యర్థము, ఒకటి." దగ్ధం చేయవలసిందని కింద సంతకం. ఆ సంతకం చూశాక ఇంటికెళ్ళి నేను అన్నం తినలేదు. కంబళి ముక్క కోసం అన్నం మానేసిందేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఈ రాష్ట్రంలో పిల్లల ముందు లెంపలేసుకోవడానికి చేతులు చాచిన పెద్దమనిషి నాకు తెలిసి ఆయనొక్కడే.

దగ్ధం చేసే పని ఐలయ్యకే అప్పగించారు. మర్నాడు అడిగాను.

"తగలబెట్టావా ఐలయ్యా?"

"బెట్టిన మేడం" అన్నాడు కప్పు వంక చూస్తూ. మండుటెండల్లో భుజాన శాలువా కప్పుకుని, కుడి చెయ్యి ఒక గుడ్డసంచిలో పెట్టుకుని ఉన్నాడు.

"చేతికేమైంది?"

"ఏం గాలె. చెయ్యి ఖాళీగుంటే నాకు మాట రాదు మేడం. గందుకే."

సంచిలో ఏముందని నేను అడగలేదు. అడిగితే అజ్ఞాన సూచకం.

వాక్యాలు లేవు, ప్రశ్నలు లేవు, పిల్లలు లేరు, బొమ్మ లేదు. శనివారం అరగంట మాత్రం అలాగే ఉంది. దాన్ని రద్దు చేసే అధికారం మాకు లేదు. ఏం వేద్దామని అడిగితే డైరెక్టరు గారు చాలాసేపు కళ్ళు మూసుకుని, ఆ తర్వాత తెల్ల కాగితం మీద స్వహస్తాలతో ఒక నినాదం రాశారు. దాన్ని అట్టమీద పెద్దక్షరాలతో రాయించి, వెనక వీణ వాద్యం పెట్టి, అరగంటసేపు చూపించమన్నారు. మాట లేదు కనుక దోషం దొర్లే ఆస్కారమే లేదన్నారు.

కాగితం చూశాను. "ప్రతి బిడ్డకూ పూర్తి అర్ధం" అని ఉంది.

తెలుగు చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మేనేజిమెంటు చదివినవాళ్ళ కోసం చెబుతున్నాను. పొట్టలో చుక్క ఉంటే అర్థం; దానికి భావమని అర్థం. చుక్క లేకపోతే అర్ధం. దానికి సగమని అర్థం. మన దుకాణాల బోర్డుల మీదా, పెళ్ళి శుభలేఖల మీదా, కాలేజీ గేట్ల మీదా ఆ చుక్క రాలిపోతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

"సార్, ఇక్కడ చిన్న చుక్క..." అన్నాను.

"భ్రమరాంబ గారూ, డైరెక్టరు ఆమోదించిన పాఠంలో ఎవరూ ఒక్క అక్షరం మార్చరాదు. ఆమోదం పొందినది దోషం కాజాలదు. విధానంలో అది మొదటి నిబంధన."

"చుక్క అక్షరం కాదు కదండీ."

"చుక్క కూడా మార్చరాదు."

నేను ప్రభుత్వోద్యోగిని. మార్చలేదు.

శనివారం పొద్దున కార్యక్రమం మొదలైంది. తెరమీద అట్ట, వెనక వీణ. డైరెక్టరు గారు కంట్రోలు గదిలో నా పక్కనే కూర్చుని, చేతులు కట్టుకుని, పరిపూర్ణతను తిలకిస్తున్నారు. కాసేపటికి ఒక ఫోను మోగింది. అది ఎత్తేలోగా రెండోది, రెండోది ఎత్తేలోగా మిగతావన్నీ. అభినందనలై ఉంటాయని డైరెక్టరు గారు ఒకటి స్వయంగా అందుకుని, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కారు. సిరిసిల్ల నుంచి ఎవరో అమ్మాయి.

"సార్, పూర్తి సగం అంటె ఎంత సార్?"

"పూర్తి సగం కాదమ్మా. పూర్తి అర్థం."

"మరి గాడ సగం అని రాసిన్రు గద సార్. చుక్క పెట్టలే."

ఆయన తెర వంక చూశారు. నినాదం ఆయన వంక చూస్తోంది. ఫోనులో ఆ పిల్ల వెనక ఇంకెందరో పిల్లలు, బహుశా వాడకట్టు పిల్లలంతా కలిసి, "కాదు సార్, కాదు సార్" అని అరుస్తున్నారు. వీణ మోగుతూనే ఉంది.

"విషయం పరిశీలనలో ఉంది" అని ఆయన ఫోను పెట్టేశారు. ఆ గొంతులో ఇస్త్రీ చెదిరిపోయింది. పాపం అనిపించింది.

ఆ మధ్యాహ్నం సచివాలయం నుంచి కార్యదర్శి గారు ఫోను చేశారు. డైరెక్టరు గారు లేచి నిలబడి మాట్లాడారు. నేను ఆయన బదిలీ ఆర్డరు అనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నట్టున్నారు, డ్రాయరు సర్దుకోవడం మొదలుపెట్టారు. తీరా చూస్తే మంత్రిగారి మనవలు అరగంటసేపు టీవీ ముందు నిలబడి కేకలు పెట్టారట. మంత్రిగారు మురిసిపోయారట. "మీది స్పందనాత్మక బోధనలో విప్లవాత్మకమైన ముందడుగు. ప్రతి వారం ఇదే స్థాయి కొనసాగించవలసింది" అని కార్యదర్శి గారి ఆదేశం.

"అవునండీ, అది మా వ్యూహమేనండీ" అని ఫోను పెట్టి, డైరెక్టరు గారు నావంక చూశారు.

"భ్రమరాంబ గారూ, వారం వారం ఒక... ఒక స్పందనాత్మక అంశం కావాలి."

"తప్పు కావాలంటారు."

"ఆ పదం వాడకండి."

"పదం వాడకపోయినా విధానం ఒప్పుకోదు కదండీ. రద్దు చేసేద్దాం."

"రద్దు చేయడం అసాధ్యం. రద్దు చేస్తే అది తప్పని అంగీకరించినట్టు. నా విధానంలో తప్పు ఉండరాదు."

ఆయన బాధ చూస్తే నాకు ఒక ఉపాయం తట్టింది. "మీరు ఆమోదించినది దోషం కాజాలదని మొదటి నిబంధన ఉంది కదండీ. అంటే మీరు ఏం చెప్పినా అది తప్పు కిందికి రాదు. తెరమీదికి మీరే వచ్చి చెప్పండి."

"నేనా? పిల్లల ముందా?" అన్నారు. అని, గోడ అద్దంలో ఒకసారి తల సవరించుకున్నారు. "ఒక్కణ్ణేనా?"

తలుపు దగ్గర ఐలయ్య దగ్గాడు. గుడ్డసంచి లోంచి ఆకుపచ్చ గుండీ ఒకటి మెల్లిగా బయటికి తొంగి చూసింది. తర్వాత నల్లది. తర్వాత కండువా.

డైరెక్టరు గారు ఉలిక్కిపడ్డారు. "ఇది దగ్ధమైంది కదా?"

"రికార్డు ప్రకారం దగ్ధమైందండీ" అన్నాను. "రికార్డు తప్పంటే విధానం తప్పని అర్థం. కనుక ఈయన లేడు. లేనివాడు తప్పు మాట్లాడాడని ఎవరూ రాయలేరు."

డైరెక్టరు గారు ఆలోచించారు. విధానాన్ని ఆ చివరినుంచి ఈ చివరిదాకా మనసులో తిప్పి చూసుకున్నట్టున్నారు. ఎక్కడా దోషం దొరకలేదు. "లేని వ్యక్తికి ఆమోదం అవసరం లేదు" అని గంభీరంగా తలాడించారు. సంచిలోంచి తింగరయ్య, "బతికిచ్చిన్రు సార్, సచ్చినంక" అన్నాడు.

మళ్ళీ శనివారానికి చాపలు దులిపి పరిచాం. పిల్లలొచ్చారు. తింగరయ్యని చూడగానే ఒకటే గోల. ఆయన పక్కన కోటు వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక డైరెక్టరు గారు కూర్చున్నారు. భద్రంగా ఉంటుందని ఆయనకి మా పాత తప్పే రాసిచ్చాను.

"ఏడూ ఎనిమిదీ... పద్నాలుగు" అన్నారు, సర్క్యులరు చదువుతున్నట్టు.

"కాదు సార్" అని పిల్లలంతా లేచారు.

నేను కంట్రోలు గదిలోంచి చూస్తున్నాను. ఆయన మొహం పాలిపోయింది. ఎదురుగా నిలబడి ఆయన్ని కాదన్నవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ ఉండి ఉండరు. కాగితం వంక చూశారు. కాగితంలో ఆ తర్వాత మాటలున్నాయి గానీ ఆయనకి కనబడినట్టు లేదు.

"మరి ఎంతర్రా? నాకు తెలియదే" అన్నారు.

ఆ మాట నేను రాయలేదు.

"పదిహేను" అని స్టూడియో కప్పు లేచిపోయింది. చిన్నప్పుడు ఏ బళ్ళో నేర్పారో గానీ, డైరెక్టరు గారి చేతులు వాటంతటవే లేచాయి. చెంపల మీద ఒకటి, రెండు వేసుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్కన తింగరయ్య తన పొట్టి చేతులు ఊపుతూ, "నాయి అందుతలేవు సార్" అన్నాడు. డైరెక్టరు గారు వంగి, ఎంతో జాగ్రత్తగా, ఆయన లెంపలు కూడా వేశారు. నాకు కళ్ళు తడిశాయి. గదిలో వాళ్ళు చూడకుండా తుడుచుకున్నాను.

అంతటితో కార్యక్రమం అయిపోవాలి. డైరెక్టరు గారు ఆపలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, చాప మీదికి దిగి కూర్చుని, కాగితం లేకుండానే మాట్లాడటం మొదలుపెట్టారు. గోదావరి భద్రాచలంలో పుట్టిందన్నారు. పిల్లలు "కాదు సార్, నాసిక్" అన్నారు. సాలీడుకి ఆరు కాళ్ళన్నారు. "కాదు సార్, ఎనిమిది." లెంపలు. చివరికి బోర్డు మీద అర్థం అన్న మాట చుక్కతో సహా రాసి చూపిస్తానని లేచి, చుక్కని పక్క అక్షరంలో పెట్టారు. ఆ గోలలో నాకు వీటిలో ఏది ఆయన కావాలని అన్నదో, ఏది నిజంగానే అన్నదో అంతు పట్టలేదు. ఆయన్ని అడగలేదు.

సాయంత్రం నా గదికి వచ్చారు. డైరెక్టరు గారు నా గదికి రావడం అదే మొదటిసారి. చెంపలు రెండూ ఎర్రగా ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. నిలబడే, కొంచెం సిగ్గుపడుతూ అడిగారు.

"భ్రమరాంబ గారూ, వచ్చే వారం నేనేం తప్పు చెబుతున్నానండీ? కాస్త ముందుగా రాసిస్తే ప్రాక్టీసు చేసుకుంటాను."

"ప్రాక్టీసు ఎందుకండీ" అన్నాను. "మీరు మామూలుగా మాట్లాడండి. చాలు."